వెనక సీటులో కృష్ణమోహన్

కృష్ణమోహన్ గోల్ఫ్ కార్ట్ చుట్టూ ఒకసారి తిరిగి, నాలుగు టైర్లనూ బూటుతో తట్టి చూశాడు. బయలుదేరే ముందు ఏ బండికైనా అతను చేసే పని అదే. కాలిఫోర్నియా తీరానికి గంట దూరంలో ఉన్న ఆ చిన్న ద్వీపంలో వచ్చిపోయేవాళ్లకి కార్లు దొరకవు. తిరగాలంటే ఈ కార్టులే.

బెంటన్‌విల్ అనే ఊళ్లో పన్నెండేళ్లుగా అతను కాంట్రాక్టు టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టడం అతని ఉద్యోగం. బట్టతల, ముందుకు వంగిన భుజాలు, చొక్కా జేబులో లవంగాల డబ్బీ. ఆఫీసులో అతని పేరు సరిగ్గా పలికేవాళ్లు ఇద్దరో ముగ్గురో. కానీ ట్రిప్పు అంటే వ్యాన్ నడిపేది అతనే. ఎనిమిదేళ్లుగా తమ కుటుంబమూ, స్నేహితుడు అనూప్ కుటుంబమూ వెనక నోళ్లు తెరుచుకుని నిద్రపోతుంటే, లవంగం నములుతూ పద్నాలుగు గంటలైనా ఏకధాటిగా నడిపేవాడు. బతుకులో అతనికి దక్కిన పెద్దరికం అదొక్కటే.

కౌంటర్‌లో అమ్మాయి అతని లైసెన్సు చూసి తిరిగిచ్చేసింది. గడువు తీరి తొమ్మిది రోజులైంది. వీసా తేదీతోపాటే లైసెన్సు తేదీ కూడా అయిపోతుందని తెలియనివాడేం కాదు. పొడిగింపు కాగితం రాగానే దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకున్నాడు గానీ, దాన్ని పట్టుకుని లైసెన్సు ఆఫీసుకి వెళ్లడం మరిచిపోయాడు. విమానం పాస్‌పోర్టు చూపించి ఎక్కాడు కాబట్టి సంగతి ఇప్పటిదాకా బయటపడలేదు. లోకం తప్పులన్నీ పట్టేవాడికి తన జేబులోని తప్పు కనబడలేదు.

"నాది ఉంది కదన్నా, నేను నడుపుత," అని అనూప్ తన లైసెన్సు తీశాడు.

అనూప్‌ది ఇంకో ఏడేళ్లు చెల్లుతుంది. గ్రీన్ కార్డు ఉన్నవాడు మరి. కృష్ణమోహన్ కంటే మూడేళ్లు వెనక వచ్చాడు, కంపెనీ మారాడు, వేరే కేటగిరీలో చకచకా తెచ్చేసుకున్నాడు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అన్నారా!

కృష్ణమోహన్‌కి వెనక్కి తిరిగి ఉన్న సీటు దొరికింది. అందులో కూర్చుంటే రోడ్డు ఎదురు రాదు, దూరమైపోతూ ఉంటుంది. అనూప్ మలుపుల్లో బ్రేకు తొక్కే తీరుకి అతనికి ఒళ్లు మండింది. అనూప్ భార్య శ్రీలేఖ, సముద్రం బాగా కనిపిస్తుందని కృష్ణమోహన్ భార్య లీలను ముందు కూర్చోబెట్టింది.

"ప్రతి వ్యూ దగ్గరా ఆపుతున్నాడండీ అనూప్. మీరైతే అసలు ఆపరు కదా," అంది లీల నవ్వుతూ.

ఆ మాట నిజం. అందుకే ఇంకా మండింది.

కొండమీద అనూప్ బండి ఆపి, అతన్ని పక్కకు తీసుకెళ్లాడు. "అన్నా, ముందే చెబ్దామనుకున్న. ప్లెయిన్స్‌బరోలో జాబ్ వచ్చింది. అక్కడ ఇల్లు కూడా కొంటున్నం, క్లోజింగ్ రేపే. ఇక్కణ్నుంచి డైరెక్ట్ అటే ఫ్లైట్. సామాను మూవర్స్ తెస్తరు."

లీల కొంగు సర్దుకుంటూ సముద్రం వైపు తిరిగింది. ఆమెకి ముందే తెలుసన్నమాట.

"కంగ్రాట్స్," అన్నాడు కృష్ణమోహన్. లోపల కడుపుమంట తప్ప ఇంకేమీ లేదు. వాడికి కార్డు, వాడికి ఇల్లు, వాడికి నచ్చిన ఊళ్లో ఉద్యోగం. ఈ ఒక్క స్టీరింగైనా తనకి మిగలకూడదా? ఒకడి బాగు చూసి కళ్లల్లో నిప్పులు పోసుకుంటున్నానని అతనికే సిగ్గేసింది. అయినా మంట ఆరలేదు.

"ఇక్కడెవ్వరు లేరు. కాసేపు నువ్వు నడుపన్నా."

"వద్దులే. పోలీసులు పట్టుకుంటే వీసాకే ఎసరు."

అందులో సగమే భయం. వాడు దయతలచి ఇస్తే తీసుకోవడం అతనికి ఇష్టం లేదు.

రెండింటి పడవకి అనూప్ వాళ్లు వెళ్లిపోవాలి, వీళ్లది నాలుగింటికి. రేవులో బ్యాగులు దింపుతూ అనూప్ హడావిడిగా తాళం అతని చేతిలో పెట్టాడు. "మూడింటికల్లా రిటర్న్ చెయ్యాలన్నా. ఆఫీస్ దాకా నువ్వు నడుపుకుంట పోయి ఇచ్చెయ్." గట్టిగా ఒకసారి కౌగిలించుకుని పడవ వైపు పరుగెత్తాడు.

ఆ తొందరలో లైసెన్సు సంగతి అనూప్‌కి గుర్తే రాలేదు. వాడి మనసులో బండి నడిపేవాడంటే ఇప్పటికీ అన్నే. పొద్దుటినుంచి మోసిన కుళ్లంతా ఎక్కడ దించుకోవాలో కృష్ణమోహన్‌కి తెలియలేదు. చెయ్యి ఊపుదామని ఎత్తేసరికి పడవ మలుపు తిరిగిపోయింది.

లీలకి డ్రైవింగ్ రాదు. అతను ఉండగా నేర్చుకునే అవసరమే రాలేదు.

"తోసుకుంటూ పోదామా?" అంది.

ఇద్దరూ వెనక్కి వెళ్లి చేతులు ఆనించారు. అతను పొద్దుటినుంచి కూర్చున్న సీటులో అనూప్ మరిచిపోయిన మెడదిండు ఉంది, ఎనిమిదేళ్లుగా కృష్ణమోహన్ నడిపే వ్యాన్‌లో పెట్టుకుని నిద్రపోయిన గాలి దిండు. ఊదిన గాలి అందులో ఇంకా అలాగే ఉంది.