బారికి సొంబ్రు నామినేషను

వాగులో ముంచిన రెండో బిందె భుజాన పెట్టుకుని గెడ్డ గట్టు సగం ఎక్కాడో లేదో, పైనుంచి ఊరిపెద్ద నాయుడి కేక వినిపించింది.

"ఓరి సొంబ్రూ!"

సొంబ్రు ఆగలేదు. ఆగితే బిందె దించాలి, దించితే మళ్లీ ఎత్తుకోవాలి. అరవై దాటిన మోకాళ్లకి ఒకే బరువు రెండుసార్లు ఎత్తే ఓపిక లేదు. పోయిన వానల్లో ఈ రాతిమీదే అతని పెళ్లాం చిన్నమ్మలు జారిపడి మణికట్టు విరగ్గొట్టుకుంది. ఎముక అతుక్కుంది గాని చెయ్యి వంకరపోయింది. అప్పట్నుంచీ నీళ్లు మోసే పని మొగుడిదైంది. మొగాడు బిందె మోస్తుంటే ఊరికి మొదట్లో నవ్వులాటగా ఉండేది. ఇప్పుడు నవ్వడం కూడా మానేశారు.

పనసగుడలో కుళాయి లేదని కాదు. కొండ ఊటనుంచి పైపు వేశారు, అది నాయుడి వీధి చివరిదాకా వచ్చి అక్కడ ఆగిపోయింది. దాని కింద ఉన్న నాలుగిళ్లూ బారికి వాళ్లవి. 'మీకు వచ్చే ఏడాది' అన్నారు ఊరి మీటింగులో. ఆ మీటింగుకి ఊరందర్నీ పిలిచిందీ సొంబ్రే, చాపకి అవతల నిలబడి ఆ మాట విన్నదీ సొంబ్రే. మరి మాకెందుకు లేదని అడగడానికి లేదు. బారికి ఇంటింటికీ తిరిగి పిలుస్తాడు, కబురు చెబుతాడు, మీటింగు అయ్యేదాకా కర్ర పట్టుకుని నిలబడతాడు. మాట్లాడేది చాపమీద కూర్చున్నవాళ్లు. కర్ర పట్టుకున్నవాడికి మాట లేదు. ఊరు పుట్టినప్పటి కట్టు అది, దాన్ని పుట్టించినవాడు ఎవడోగాని ఎన్నడూ గెడ్డనీళ్లు మోసి ఉండడు.

ఇంట్లో బిందె దించి చూరులోంచి కర్ర తీశాడు. చండ్రకర్ర, కింద ఇనుప పొన్ను. తాత, తండ్రి, తను ఒకేచోట పట్టి పట్టి అక్కడ నున్నగా అరిగిపోయింది.

"ఎల్తావేటి?" అంది చిన్నమ్మలు.

"పిలిత్తే ఎల్లాల గదా."

"ఎందుకు పిలిసేడో ఎరగవేటి?"

"ఎరుగుదును" అని బయటికి నడిచాడు.

ఎరగకపోవడమేమిటి! పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. సర్పంచి దగ్గర్నుంచి మిగిలిన వార్డుల మెంబర్లదాకా అందరూ ఏకగ్రీవమే. ఈ వార్డుకి నాయుడి తమ్ముడు రవిబాబు అని ఊరు అనుకుంది. అంతా ఏకగ్రీవమైతే పంచాయతీకి సర్కారు ప్రోత్సాహకం ఇస్తుంది. అలాంటప్పుడు సొంబ్రు, తన అన్నకోడలు మాధవిని వెంటబెట్టుకుని కొండ దిగి, మెంబరుగా నామినేషను వేసి వచ్చాడు. పది చదివిన మాధవి కాగితాలు నింపి, ఇదే వార్డు ఓటరు గనక ప్రతిపాదకురాలిగా సంతకం పెట్టింది. ఉపసంహరణకి ఈవేళ మధ్యాహ్నం మూడు వరకే గడువు. ఈలోగా సొంబ్రు వేలిముద్ర పడితే రవిబాబు పోటీ లేకుండా మెంబరు. పడకపోతే పెట్టె వస్తుంది, ఓటింగు జరుగుతుంది. ఈ వార్డులో మెంబరు ఎన్నిక కాగితం ఎలా ఉంటుందో చూసినవాడు ఇంతవరకూ లేడు.

నాయుడి ఇంటిముందు జీపు సిద్ధంగా ఉంది. రవిబాబు ఫోను చేతిలో పట్టుకుని అటూఇటూ తిరుగుతున్నాడు. అరుగుమీద ఇద్దరు ముసలి పెద్దలు చుట్టలు కాలుస్తున్నారు. నాయుడు ధనుంజయ్ సొంబ్రుకి కొడుకయ్యే ఈడువాడు. అయినా 'ఓరి' అనే పిలుస్తాడు. ఊళ్లో పసిపిల్లలూ అలాగే పిలుస్తారు.

"ఊరందర్నీ పిలు. మీటింగు" అన్నాడు ధనుంజయ్.

"ఎవుల మీద అని సెప్పాల నాయుడు?"

"నామినేసనేసినోడి మీద."

"ఆడి పేరు?"

వెటకారానికి అడగలేదు. ఎవరు పిలుస్తున్నారు, ఎక్కడికి, ఎవరి మీద, ఈ మూడూ చెప్పనిదే ఏ గడపా కదలదు.

ధనుంజయ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు. "సొంబ్రు."

"ఆడ్ని కూడా పిలవాలా?"

"పిలు!"

"వీదిలో వోళ్లు సాల్లే" అన్నాడు రవిబాబు. "మిరియాల తోటల్లోకి ఎల్లకు. మూడింటికల్లా కింద ఆపీసులో ఉండాల."

అరుగుమీద ముసలాయన చుట్ట తీశాడు. "అందర్నీ పిలవని మీటింగు మీటింగేటి బాబూ? రేపు ఎవుడైనా కట్టుబడనంతే?"

ధనుంజయ్ పళ్లు బిగించాడు. "సరే, ఎల్లు. బేగి రా."

సొంబ్రు బయల్దేరాడు. ప్రతి గడప ముందూ పొన్ను రాతికి తాకించడం, అదే గొంతు, అవే మాటలు. "నాయుడు పిలుత్తన్నాడు. అరుగుకాడికి. సొంబ్రు మీద మీటింగు." ఒకరు ఫక్కుమన్నారు. ఒకరు తల దించుకున్నారు. ఒక ఇంట్లో తలుపు మూసేశారు. తన చావు తనే చాటుకుంటున్నట్టుంది అతనికి. ఇలాంటిది కొత్తా ఏమిటి? తండ్రి పోయిన తెల్లవారి ఆ కబురు ఇంటింటికీ చెప్పిందీ తనే. ఊరంతా చుట్టి వచ్చాకే కూర్చుని ఏడవడానికి వేళ చిక్కింది.

తన ఇల్లు వచ్చింది. మానలేదు. పొన్ను తాకించి, "సొంబ్రూ! నాయుడు పిలుత్తన్నాడు" అన్నాడు.

లోపల్నుంచి చిన్నమ్మలు గొంతు వినిపించింది. "ఇంట్లో లేడు. నాయుడి పనిమీద ఎల్లేడు."

సొంబ్రుకి నవ్వొచ్చింది. నవ్వుతూనే తోటల దారి పట్టాడు.

కొండెక్కేసరికి ఎండ నెత్తిమీదికొచ్చింది. సిల్వరోకు చెట్లకి పాకిన మిరియాల తీగలు, వాటి నీడన కాఫీ మొక్కలు. ఒక్కో తోటకీ వెళ్లి నిచ్చెన కిందనుంచి కేక వేశాడు. చిట్టచివర బుద్రమ్మ తోట. ముసలమ్మ రాలిన మిరియాలు చేటలో ఏరుకుంటోంది. కబురు విని చేట కింద పెట్టేసింది.

"నీ మీద మీటింగుకి నువ్వే పిలుత్తన్నావేటి? ఓలమ్మ!" కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వి, చెంగుతో మొహం తుడుచుకుంది. "అయితే ఓటు ఉంటాదా, లేదా?"

"నాను ఎనక్కి తగ్గకపోతే ఉంటాది. నీకు కాయితం ఇత్తారు. మా ఇద్దరి గుర్తులూ ఉంటాయి. ఎవుడు కావాలో ఆడిమీద ముద్ర గుద్ది, మడిసి పెట్టిలో ఎయ్యాల."

"ఎవుడికేసేనో నాయుడికి తెలీదా?"

"ఎవుడికీ తెలీదు."

"ఓసోస్" అంది బుద్రమ్మ. మొదటిసారి తన దగ్గర దాచుకోదగ్గది ఏదో ఉన్నట్టు చెంగు దోపుకుంది. "నువ్వు నడు, ఎనకాల వత్తాను."

సొంబ్రు చెట్టు మొదట్లో కూలబడ్డాడు. ఇక్కడే ఒక కునుకు తీస్తే మూడు దాటిపోతుంది. బారికి తిరిగొచ్చి 'అందరికీ సెప్పేను' అననిదే మీటింగు మొదలుకాదు. కొండ ఎత్తు, వయసు పైబడింది, ఎవరేమంటారు? చల్లటి గాలి కూడా పడుకోమనే అంటోంది.

కాని దాక్కుని నెగ్గినవాడు రేపు పంచాయతీ ఆఫీసులో ఏ మొహం పెట్టుకుని కుళాయి అడుగుతాడు? భయం వేసింది, మామూలు భయం కాదు. కోతలప్పుడు ఇంటింటివాళ్లూ బారికికి ఇచ్చే చోళ్లు, సామలే వాళ్లిద్దరికీ ఏడాది తిండి. అది పోతే? ఆ భయంతోనే లేచి, కర్ర ఊతగా కొండ దిగాడు.

"అందరికీ సెప్పేను" అన్నాడు, ఎప్పటిలా చాపకి అవతల నిలబడి.

ధనుంజయ్ వెంటనే మొదలుపెట్టాడు. పంచాయతీ మొత్తం ఒక్క మాటమీద ఉందన్నాడు. ప్రోత్సాహకం అన్నాడు, రోడ్డు అన్నాడు. తరవాత గొంతు మార్చాడు. "ఇప్పుడే జీపెక్కి ఏలిముద్రెయ్యాల. లేదంటే నీ బారికితనం పోద్ది. ఏ ఇంట్లోంచీ గింజ రాలదు. ఏటంటావు?"

సొంబ్రు కర్ర పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"నిన్నేరా! ఏటంటావు?"

రవిబాబు ఫోను చూసుకున్నాడు. "టైమైపోతన్నాది అన్నియ్యా!"

ఆడవాళ్ల వెనకనుంచి బుద్రమ్మ గొంతు వచ్చింది. "కర్ర పట్టుకున్నోడు ఎలాగ మాటాడతాడు నాయుడూ? ఆ కట్టు మీదే గదా."

సొంబ్రు కర్రని చూసుకున్నాడు. రెండడుగులు ముందుకొచ్చి, చంటిపిల్లని పడుకోబెట్టినట్టు దాన్ని రెండు చేతులా చాప పక్కన నేలమీద పెట్టాడు. పెట్టి, చాప అంచున కూర్చున్నాడు. పక్కనున్నవాడు ఉలిక్కిపడి కొంచెం జరిగాడు.

"నాను సొంబ్రుని. పిలిత్తే వచ్చేను" అన్నాడు. ఊరందర్నీ కొండలమీదనుంచి కేకేసి దించే గొంతు, సొంత మాటకొచ్చేసరికి వణికింది. "కాయితం ఎనక్కి తీసుకోను. కుళాయి మా ఇళ్లకాడికీ రావాల. నా ఆడది ఆ రాతిమీద పడి సెయ్యి ఇరగ్గొట్టుకున్నాది. ఈ మాట సెప్పడానికి నాకు ఇంకో సోటు లేదు. మీకు నచ్చితే ఎయ్యండి, నచ్చకపోతే మానీండి. ఓడిపోతే నాను ఏడవను."

లేచి, ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకుని, గెడ్డ దారిలో దిగిపోయాడు. జీపు డ్రైవరు ఇంజను వేశాడు, అందరి మొహాలూ చూసి ఆపేశాడు. రవిబాబు ఫోనులో మూడయింది.

పొద్దు వాలాక కింద ఆఫీసునుంచి మాధవి వచ్చింది. గడువు కాగానే అక్కడ ఇద్దరికీ గుర్తులు ఇచ్చారట.

"సిన్నమావా, రవిబాబుకి జగ్గు వచ్చింది. నీకు గౌను."

"గౌనేటి?"

"ఆడగుంటలు తొడుక్కుంతారు గదా, అదే!"

చెయ్యి విరిగిన తరవాత చిన్నమ్మలు అంత నవ్వు నవ్వడం అదే మొదలు. సొంబ్రు గుమ్మంలో కూర్చుని, అలవాటు కొద్దీ చెయ్యి పైకెత్తి చూరు తడిమాడు. అక్కడ ఏమీ లేదు.

పైవీధిలో అప్పటికి ధనుంజయ్ రెండుసార్లు అన్నాడు, రేపు మీటింగు పెట్టి కొత్త బారికిని చూడాలని. అలాగేనని అందరూ తలలూపారు. మీటింగుకి ఎవరు పిలుస్తారని అరుగుమీది ముసలాయన అడిగాడు. ఒక్కొక్కరూ ఒళ్లు దులుపుకుని లేచి ఇళ్లకి పోయారు. చాప చుట్టి లోపల పెట్టేశారు. కర్ర మాత్రం అక్కడే, మూడు తరాల చేతులు పట్టినచోట నున్నగా మెరుస్తూ, మట్టిలో పడి ఉంది.