గొంతు లేని చుట్టం

కాండోర్‌కు గొంతు లేదు. రాబందు జాతిలో అంత పెద్ద పక్షి, రెక్కలు చాపితే మా ఇంటి వాకిలి చాలదు, అయినా కూత లేదు, అరుపు లేదు. కోపం వస్తే బుస్సుమంటుంది, అంతే. అందుకే దాన్ని సాగనంపేటప్పుడు పాట మనుషులే పాడాలని మా కొండ ఊరు వయ్‌రాపాటాలో ఆనవాయితీ. ఆ పాట మా అమ్మ సెగుందినా సొత్తు. ఊళ్లో ఇంకెవరైనా ఎత్తుకుంటే ఆవిడ ఊరుకునేది కాదు.

పక్షిని పట్టి తెచ్చే పని మా నాన్న తెయోదోసియోది. జూలై పండగ దగ్గర పడిందంటే కొండెక్కేవాడు. ముసలి గుర్రాన్ని కోసి గుట్ట మీద పడేసి, పొదల్లో ఒదిగి కూర్చునేవాడు. పక్షి దిగి, కడుపు పట్టనంత తిని, లేవలేక తూలుతుంటే ఒంటి మీది పోంచో దుప్పటి కప్పి ఒడిసి పట్టేవాడు. దాన్ని ఎత్తుకుని ఊళ్లోకి దిగుతుంటే బాకాలు, డోళ్లు, ఆడవాళ్ల కేరింతలు. నాన్న చెయ్యి పట్టుకుని నడుస్తుంటే నా కాళ్లు నేల మీద ఆనేవి కావు.

కొత్త అల్లుడికి కూడా అంత మర్యాద జరిగేది కాదు. చిచా అనే మొక్కజొన్న కల్లు ముక్కుకు అందించేవాళ్లు, మెడకు రంగు రిబ్బన్లు కట్టేవాళ్లు. ఆ తర్వాత ఎద్దు వీపున కట్టి ఆడించేవాళ్లు. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు మొహం చిట్లిస్తారు. చిట్లించనీ. మాకు దాని మీద ప్రేమ లేదని మాత్రం అంటే నేను ఒప్పుకోను. కొండదేవుడి దగ్గర్నుంచి వచ్చిన చుట్టం అది. ప్రేమ ఉండేది. బుద్ధే ఉండేది కాదు.

పండగ మర్నాడు ఊరంతా గాలిబండకు కదిలేది. ఊరి పైన, లోయ మీదికి ఒరిగిన పెద్ద బండ అది. అక్కడ అమ్మ పాడేది.

"పోయిరా నాయనా, పోయిరా. మా గడప మరవకు, మళ్లీ రా."

ఆ గొంతు విని లోయ అవతల గొర్రెలు కాసేవాళ్లు కూడా టోపీలు తీసేవాళ్లట. పక్షి అంచు దాకా నడిచి, గాలిలోకి ఒరిగి, రిబ్బన్లతో సహా పైకి లేచేది. ఆ రోజుల్లో ఆకాశం కూడా మా ఊరిదే అనిపించేది నాకు.

ఒక ఏడాది ఎద్దు కింద పడి పొర్లింది. పక్షి రెక్కకు ఏమైందో ఎవరూ సరిగ్గా చూడలేదు. చిచా మత్తు, బాకాల గోల. మర్నాడు గాలిబండ మీద అమ్మ పాట అందుకుంది, పక్షి దూకింది. పైకి లేవలేదు. లోయలోకి దిగింది, దిగుతూనే పోయింది. అమ్మ పాట సగంలో తెగిపోయింది.

"చుట్టాన్ని పిలిచి చెయ్యి విరిచి పంపానే," అన్నాడు నాన్న ఇంటికొచ్చి. మళ్లీ ఆయన ఆ పనికి కొండెక్కలేదు. ఊళ్లో ఆ ఆటా ఆగిపోయింది. కానీ పైఊళ్ల వాళ్లు గొర్రెల్ని ఎత్తుకుపోయే ప్యూమా పులుల్ని చంపడానికి కళేబరాల్లో విషం పెట్టేవాళ్లు, అది తిని, మిగిలిన పక్షులూ చచ్చిపోయాయి. చివరికి గాలిబండ మీద తెల్లటి రెట్ట మరకలు కూడా వానలకు కడుక్కుపోయాయి. నాన్న రోజూ ఆ బండ వైపు తిరిగి కూర్చునేవాడు. అలా చూస్తూ చూస్తూనే పోయాడు.

చాలా ఏళ్లకు, నా జుట్టు కూడా నెరిశాక, యానేత్ అనే పిల్ల వచ్చింది. పక్షుల డాక్టరు. విషం తిని పడిపోయిన పడుచు మగపక్షి ఒకటి నది దిగువన దొరికిందట, వైద్యం చేసి బతికించారట, దాన్ని మా గాలిబండ మీంచే వదులుతారట. ముందు కొన్నాళ్లు అక్కడే వల గూట్లో ఉంచుతారు, చోటు అలవాటు కావడానికి.

అమ్మ మొహం చూడాలి ఆ రోజు. పెట్టె అడుగున మడిచిపెట్టిన ఎర్ర లంగా తీసి ఎండలో వేసింది.

"మీ నాన్న పంపినోడేనే వీడు," అంది. "ఈసారి పాట మొత్తం పాడతా."

యానేత్ ఆ మాట విని మా వసారాలో అమ్మ ఎదురుగా కూర్చుంది.

"అవ్వా, ఏమనుకోవద్దు. గూడు దగ్గరికి ఎవరూ రాకూడదు. మాటలు వినపడకూడదు. తిండి కూడా మేం కనపడకుండా వెనకనుంచి తోస్తాం. పాట అసలే వద్దు."

"పాట లేకుండా చుట్టాన్ని ఎట్టా పంపుతారే? కుక్కని తోలినట్టా?"

"మనిషంటే భయం ఉంటేనే వాడు బతుకుతాడవ్వా. మనుషులు ముద్దు చేస్తారని అలవాటు పడ్డాడనుకో, ఏదో ఊళ్లో వాలతాడు. అక్కడ తుపాకీ ఉంటుంది."

"మేమేమన్నా తుపాకులోళ్లమా?"

"మీరు కాదు. ఆ సంగతి వాడికేం తెలుసు?"

అమ్మ కోకా ఆకు బుగ్గన పెట్టుకుని, మొహం గోడ వైపు తిప్పుకుంది. ఒప్పుకున్నట్టే అనుకున్నాం.

ఆ మర్నాటినుంచి సాయంత్రాలు గొర్రె తప్పిపోయిందంటూ కొండ వైపు పోయేది.

"గొర్రె దొడ్లోనే ఉంది కదమ్మా, మతి పోతోందా నీకు?" అన్నాను.

"అది కాదే, ఇంకోటి."

ఇంకోటి మాకు లేదు. ముసలితనం అనుకుని నవ్వుకున్నాను.

వదిలే రోజు పొద్దెక్కి, లోయలోంచి గాలి లేచే వేళకు ఊరంతా బండకు దూరంగా రాతిగోడ వెనక నక్కి కూర్చున్నాం. అమ్మ నా పక్కనే, ఎర్ర లంగాలో, నోటికి శాలువా అడ్డం పెట్టుకుని ఉంది. యానేత్ తాడు లాగింది. గూటి తలుపు లేచింది.

వాడు బయటికి వచ్చాడు. బోడి తల, మెడ చుట్టూ తెల్లటి ఈకల పట్టీ, రెక్కకు నంబరు బిళ్ల. ఇలాంటి అందగాళ్లనా మేం ఎద్దుకు కట్టింది అనిపించింది. వాడు అంచు దాకా పోయాడు. లోయను చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, తల అటూ ఇటూ వాల్చి, తాపీగా గోడ వైపు, సరిగ్గా మా వైపే నడిచి రాసాగాడు.

"ఎందుకొస్తున్నాడు?" యానేత్ గొణిగింది. "ఇట్టా వచ్చేస్తే మళ్లీ గూట్లో పెట్టాల్సిందే. ఇక ఎప్పటికీ వదలనివ్వరు."

నేను అమ్మ వైపు చూశాను. శాలువా పైన ఆవిడ కళ్లు చూడగానే నాకు తెలిసిపోయింది.

"అమ్మా... పాడావా?"

"చిన్నగానే," అంది అమ్మ. "ఒక్కడే ఉన్నాడు కదే."

యానేత్ ఏమనబోయిందో గాని, అమ్మ అప్పటికే లేచి నిలబడింది. వాడు అమ్మను చూసి నడక వేగం పెంచాడు. అమ్మ నడుముకు చుట్టుకున్న వడిసెల విప్పింది. అది పెళ్లికి ముందు నాన్న తన చేత్తో ఉన్ని పేని ఇచ్చినది. రాయి పెట్టి గిర్రున తిప్పి వదిలింది. రాయి వాడి కాళ్ల ముందు ఫట్‌మని పేలింది.

"పోరా దొంగ పీనుగా!" అమ్మ అరిచింది. "ఎవరింటికొస్తున్నావురా? నీకిక్కడ ఎవరున్నార్రా? మళ్లీ ఈ గడప తొక్కావంటే కాళ్లు విరగ్గొడతా! పో!"

అదే గొంతు. లోయ అవతలివాళ్ల చేత టోపీలు తీయించిన గొంతు. వాడు ఆగిపోయాడు. ఏం తప్పు చేశానన్నట్టు చూశాడు. అమ్మ ఏడుస్తూనే ఇంకో రాయి తిప్పింది. వాడు బుస్సుమని, రెక్కలు విప్పి, తడబడుతూ పరుగెత్తి అంచు మీంచి దూకాడు.

కిందికి పోయాడు. నాకు ఆ పాత పక్షే కళ్ల ముందు దిగుతూ పోయింది. అంతలో లోయలోంచి నల్లటి రెక్క ఒకటి పైకి తేలింది. మా తలల మీంచి లేచి, గాలిని పట్టుకుని, ఎత్తుకి, ఇంకా ఎత్తుకి పోయింది. అమ్మ వడిసెల ఒళ్లో పెట్టుకుని నేల మీద కూలబడింది. యానేత్ ఆవిడను ఎంత తిట్టాలో అంతా తిట్టి, పక్కన కూర్చుని చెయ్యి పట్టుకుంది.

వాడు ఇక్కడే స్థిరపడ్డాడు. గాలిబండ మీద మళ్లీ తెల్లటి మరకలు పడ్డాయి. వాడి నీడ మా పెరట్లోంచి పోయినప్పుడల్లా అమ్మ వడిసెలతో బయటికి ఉరికేది. "ఇంకా చావలేదూ నువ్వు!" అని నోరారా తిట్టేది. వాడు అందనంత ఎత్తుకి పోయేదాకా వాకిట్లోనే నిలబడేది.

తర్వాత లోపలికొచ్చి, తలుపు వేసి, పొయ్యి ముందు కూర్చుని పాట ఎత్తుకునేది. మా గడప మరవకు, మళ్లీ రా అనే చరణం దాకా, మొత్తం. పక్కనే కూర్చున్న నాకు కూడా సరిగ్గా వినపడేది కాదు, అంత చిన్నగా.