బావమరిది చేతి తాడు

కొండ చీలికలోకి తొంగిచూసి ఈశ్వరరావు ఒక అడుగు వెనక్కి వేశాడు. ముప్పై అడుగుల కింద నీళ్లు నల్లగా మెరుస్తున్నాయి. చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు.

గని మొదలైన ఎనిమిదో ఏడు అది. కిరండూల్ ఇనుప గనిలో అతను ఫిట్టరు, పక్కన నిలబడ్డ రామారావు వెల్డరు. రామారావు చెల్లెలు వరలక్ష్మిని తనకిమ్మని ఈశ్వరరావు మూడు నెలల కిందట కబురు పంపాడు. పిల్ల సరేనందట. అన్న మాత్రం ఉలకలేదు. ఈసారి ఎలాగైనా అడిగేయాలనే, కొండ చీలికల్లో దిగి చూసొద్దామన్న వంకతో అతన్ని వెంటబెట్టుకుని లారీలో తర్లగూడ అడవి దాకా వచ్చాడు. తీరా వచ్చాక నోరు పెగల్లేదు.

దారి చూపే కాశయ్య తేనె కొట్టేవాడు. నడుముకు తాడు కట్టుకుని, కొస తన బావమరిది రామనర్సయ్యకిచ్చి బల్లిలా దిగిపోయాడు.

“పయిలం బావా. మా అక్క నీతోని ఇంకా కొట్లాడాల్నట,” అన్నాడు రామనర్సయ్య.

తరవాత అతనే ఈశ్వరరావు నడుముకు తాడు బిగించి, మద్దిచెట్టుకు ఒక చుట్టు తిప్పి, కొస రామారావు చేతిలో పెట్టాడు.

“నాకెందుకయ్యా? నువ్వే పట్టు.”

“నేనెట్ల పట్టుత? బావ దిగుతాంటే బావమరిదే పట్టాలె. తోడబుట్టినదాని బొట్టు ఆ కొసకుంటది. చెయ్యి ఇడ్వడు.”

“నేను ఇతని బావమరిదినని ఎవరు చెప్పారు?”

“చెప్పాల్నా ఏంది? పొద్దటిసంది ఆయన టోపీని, నడకను ఎక్కిరిస్తనే ఉంటివి. ఇంకెవలు ఎక్కిరిస్తరట్ల?”

ఈశ్వరరావు చెవులు వేడెక్కాయి. కాదని మాత్రం అనలేదు. రామారావు అతని ముఖం చూశాడు, తాడు చూశాడు, అరచేతుల్లో ఉమ్ముకుని పట్టుకున్నాడు.

సగం దిగాక తాడు ఆగింది. ఈశ్వరరావు గాలిలో గిర్రున తిరిగాడు. గోడ, సన్నటి ఆకాశం, మళ్లీ గోడ.

“సారా తాగుతావా?” పైనుంచి రామారావు.

“జీతాల రోజున... కొంచెం.”

“ఇకమీద?”

“మానేస్తాను. దించవయ్యా.”

“మన కాలనీలో ఆరేసిన బట్టల నిండా ఎర్రదుమ్మే. రెండోసారి ఎవరుతుకుతారు?”

“నేనే ఉతుకుతాను.”

“నా పంచె గూడ ఒప్పుకో సారూ,” కిందనుంచి కాశయ్య. “ఏలాడేటోడు దేనికైన ఒప్పుకుంటడు.”

ఈశ్వరరావుకు నవ్వు తన్నుకొచ్చింది. ఆ నవ్వును చీలిక ఈ గోడనుంచి ఆ గోడకు విసిరింది. మూడు నెలల మాట ఆ నవ్వులోనే జారిపోయింది.

“మీ చెల్లెల్ని ఇస్తావా, ఇవ్వవా?”

తాడు వేలెడు కూడా జారలేదు.

“మాఘంలో ముహూర్తాలున్నాయి,” అన్నాడు రామారావు చివరికి. “కాళ్లు గోడకి తన్నిపెట్టి దిగు, బావా.”

గొంతు దాకా చల్లటి నీళ్లలో దిగి, ఇంకా నవ్వుతూనే ఉన్న ఈశ్వరరావు నడుము తాడు విప్పాడు కాశయ్య.

“గిసొంటి చీలికలు ఇంకా రెండున్నయి సారూ. ఒప్పుకునేటివి ఏమన్న మిగిలినయా?”