రెగ్జిన్ ముక్కల బల్ల

తిరుపతిలో ఆటోలకు టాపులు, సీట్లు కుట్టే కాశిం సాహెబ్ కొట్టు వెనక రెగ్జిన్ ముక్కలు గుట్టగా పేరుకున్నాయి. గుడ్డా ప్లాస్టిక్కూ విడదీయరాకుండా అతుక్కుని ఉంటాయి కాబట్టి పాతసామాన్లవాళ్లు తీసుకోరు. కాలిస్తే వీధంతా దగ్గు. ఇంజనీరింగ్ చదివిన ఆయన కూతురు ఉమ్మే హబీబా ఆ ముక్కల్ని తురుము పట్టించి, వేరుశనగ పొట్టు పొడి కలిపి, వేడి ప్రెస్సులో అదిమి పలకలు చేసింది. మొదటివి ఎండకు అప్పడాల్లా వంకర్లు పోయాయి. వేడి తగ్గించి, ప్రెస్సులోనే చల్లారనిస్తే పదకొండోది తిన్నగా నిలిచింది.

బల్లలకు పనికొస్తుందని దాన్ని ఒక లాడ్జి యజమానురాలు పంకజాక్షికి చూపించింది. అక్కడే ఉన్న వడ్రంగి వరదయ్య పలకను గోటితో గీకి నవ్వాడు.

"రెండు వానలు పడితే సంగటి అయిపోతాది, సూడు."

పంకజాక్షి కూడా వద్దంది. హబీబాకు ఒళ్లు మండింది.

లాడ్జి సోఫాలకు రెగ్జిన్ వేయడానికి తండ్రితో వెళ్లిన రోజు, అందరూ భోజనానికి లేచిన అదను చూసి, వాకిట్లో యాత్రికులు కూర్చునే టేకు బల్ల పైపలక విప్పేసింది. అదే కొలతకు కోసి, పైన టేకు రంగేసి తెచ్చిన తన పలకను బిగించింది. పాతదాన్ని రెగ్జిన్‌లో చుట్టి తీసుకెళ్లి కొట్లో దాచింది.

మూడు నెలలు యాత్రికులు దానిమీద మూటలు దించారు, కునుకు తీశారు. వానలో తడిసింది, ఎండలో కాగింది.

"బల్ల ఎట్లుండాదక్కా?" ఒకరోజు ఏమీ ఎరగనట్టు అడిగింది హబీబా.

"రాయి మాదిరి ఉండాది. మన వరదయ్య చేసిందే కదా!" అంది పంకజాక్షి.

పక్కనే ఉన్న వరదయ్య మీసం దువ్వాడు. "టేకు, పాపా! నా చేతి పని యాడున్నా తెలిసిపోతాది."

హబీబా బల్లను బోర్లించింది. అడుగున రంగు వేయలేదు. పసుపు, ఆకుపచ్చ రెగ్జిన్ చుక్కలు బయటపడ్డాయి.

"నా లాడ్జిలోనే దొంగతనమా?" అని పంకజాక్షి మండిపడింది.

"అదలాబదలా అక్కా. నీ టేకు భద్రంగా ఉండాది."

పంకజాక్షి వరదయ్య ముఖం చూసింది. ఇక నవ్వు ఆగలేదు. "టేకు తెచ్చియ్యి. ఇట్లాంటివి ఇంకో ఆరు చెయ్యి."

సంగతి తెలిసిన కాశిం సాహెబ్ కూతుర్ని తిట్టి, తానే వెళ్లి క్షమాపణ చెప్పి వచ్చాడు.

రెండు రోజులు ముఖం చాటేసిన వరదయ్య మూడోరోజు రంపంతో కొట్టుకు వచ్చాడు.

"పలకలు మీవి. కాళ్లు మాత్రం కొయ్యవే ఉండాల. అవి నేనే చేస్తా."

హబీబా సంతోషంగా ఒప్పుకుంది. "పైపలక ఎవురిదని అడిగితే ఏం సెప్తావు మామా?"

అప్పటికే కాళ్లు కోయడం మొదలుపెట్టిన వరదయ్య రంపం ఆపకుండానే అన్నాడు: "ముందు బోర్లించి సూసుకుని సెప్తా."