గుండ్రంగా పెట్టిన సంతకాలు

సీసాలక్క కూలిపోయినప్పుడు ల్యాబులో ఉన్నది ఇద్దరే. ఒకరు సారు, ఇంకొకరు ఉడత.

ఉడత అంటే రసాయనశాస్త్రంలో ఆ సారు దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి. తలుపు చప్పుడైనా ఉలిక్కిపడుతుందని హాస్టల్ వాళ్ళు పెట్టిన పేరు అది. సీసాలక్క ఇరవై రెండేళ్ళుగా అక్కడ సీసాలూ గొట్టాలూ కడుగుతున్న అటెండరు. ఎవరి ప్రయోగం ఎక్కడ చెడిందో సీసా అడుగున మడ్డి చూసి చెప్పేది. కొత్త పిల్లలకి ఆసిడ్ ఎలా పొయ్యాలో ముందు నేర్పింది ఆవిడే, సారు పాఠం ఆ తర్వాత.

ఆ మధ్యాహ్నం సారు, వాడేసిన ఆసిడ్ల డబ్బా చూపించి సింకులో పారబొయ్యమన్నాడు. పొగ లాగే ఫ్యాను తిరగట్లేదనీ, డబ్బాలో ఏవో రెండు కలిసినట్టు వాసన వేరేగా ఉందనీ సీసాలక్క చెప్పింది. రేపు తనిఖీ వాళ్ళొస్తున్నారు, ఎదురు చెప్పకుండా పని చూడు అన్నాడు సారు. పక్క బల్ల దగ్గర ఉన్న ఉడత ఆ మాట విన్నది.

డబ్బా వంచగానే పచ్చటి పొగ లేచింది. సీసాలక్క సింకు అంచు పట్టుకుని దగ్గింది, ఇంకా దగ్గింది, మోకాళ్ళ మీద పడిపోయింది. సారు ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాడు. ఉడత ఊపిరి బిగబట్టి, ఆవిడ చంకల కింద చేతులేసి వరండాలోకి ఈడ్చుకొచ్చింది. మూడో రోజు ఆస్పత్రిలో సీసాలక్క పోయింది.

ఆ ఫ్యాను చెడి ఏడు నెలలైంది. ఫిర్యాదుల పుస్తకంలో ఉడత మూడుసార్లు రాసింది కూడా. ఇప్పుడు వెళ్ళి చూస్తే ఆ పుస్తకం లేదు, అది ఉండే మేకుకి కొత్తది వేలాడుతోంది. మొదటి పేజీ తెల్లగా ఉంది. ఇది ఎవరో ఒకరి భయం కాదు, పై నుంచి కింద దాకా అందరూ కూర్చుని చేసిన పని.

సాయంత్రం సారు తన గదికి పిలిచాడు. అనుమతి లేకుండా అటెండరే డబ్బా తెరిచిందని టైపు చేసిన కాగితం ముందుకి తోశాడు. గొంతు పెంచలేదు.

“మూడు నెలల్లో నీ థీసిస్ నా చేతికొస్తుంది. పోయినావిడ ఎలాగూ తిరిగి రాదు. నీ బతుకు చూసుకో తల్లీ.”

ఆ ‘తల్లీ’ అన్న మాటకే ఆమెకి ఎక్కువ వణుకొచ్చింది. రేపు సంతకం పెడతానని చెప్పి కాగితం తీసుకుని బయటికొచ్చింది. తర్వాత ఇంటికి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ బట్టలు కుడుతుంది. మిషన్ ఆపకుండానే విని, పెద్దవాళ్ళతో మనకెందుకే, సంతకమే కదా అంది. కాసేపటికి మిషన్ ఆగింది.

“ఆవిడకి పిల్లలున్నారా?”

“ఇద్దరు.”

అమ్మ ఫోన్ పెట్టెయ్యలేదు. మిషన్ మళ్ళీ తొక్కనూ లేదు.

మర్నాడు భోజనాల వేళ లైబ్రరీ వెనక సైకిళ్ళ షెడ్డులో అందరూ కలిశారు. ఊడ్చేవాళ్ళు, అటెండర్లు, విద్యార్థులు, యాభై మంది దాకా. విద్యార్థి సంఘం నాయకుణ్ణి అందరూ గడ్డం అన్న అంటారు. అతను దోపిడీ గురించి, చరిత్ర గురించి చాలాసేపు మాట్లాడాడు. సీసాలక్క చెల్లెలు, అదే భవనం ఊడ్చే మనిషి, చీపురు పట్టుకునే వింది. చివరికి అడ్డుకుంది.

“బాబూ, నీ మాటలు బాగున్నాయి. మా అక్క తప్పు చేసి చచ్చిందని రాస్తున్నారు. దానికేం చేద్దాం, అది చెప్పు.”

గడ్డం అన్న తల దించుకున్నాడు. నిజమేనమ్మా, మీరే చెప్పండి అని కింద కూర్చున్నాడు. అప్పుడు మాటలు మొదలయ్యాయి. నిజం రాసి రిజిస్ట్రారుకిద్దామన్నారు విద్యార్థులు. మీకేం, మీరు చదువుకుని పోతారు, కాగితం మీద మొదటి పేరు ఎవరిదో వాడి గేటు పాసు తెల్లారేసరికి ఊడుతుంది అన్నారు అటెండర్లు. మొదటి పేరు ఎవరిదన్న దగ్గర ఎవరి కాళ్ళు వాళ్ళు చూసుకున్నారు.

ఉడతకి ధైర్యం వచ్చి మాట్లాడిందనుకోకండి. ఎవరైనా తనవైపు చూస్తారేమోనన్న భయంతోనే ఆ మాట నోట్లోంచి ఊడిపడింది.

“గుండ్రంగా పెడదాం.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె తెల్ల కాగితం మీద టిఫిన్ డబ్బా మూత బోర్లించి గీత గీసింది. సంతకాలన్నీ ఆ గీత చుట్టూ పెడితే మొదటిదేదో, చివరిదేదో ఎవడు చెప్పగలడు? సంతకం రానివాళ్ళు వేలిముద్ర వెయ్యచ్చు. ముసలి అటెండరు ఒకాయన పకపకా నవ్వి, పిరికిదాని బుర్ర పాదరసంరా అన్నాడు. ఆ నవ్వుతో షెడ్డులో గాలి ఆడింది.

ఫ్యాను సంగతి, మాయమైన పుస్తకం సంగతి రాశారు. చదివి వినిపించారు. చెల్లెలు మళ్ళీ లేచింది. పొయ్యమన్నదెవరో ఇందులో లేదే అంది. ఆ మాట విన్నది ఒక్క మనిషే. రాస్తే ఎంత గుండ్రంగా గీసినా లాభం లేదు, విన్నదెవరో సారుకి తెలుసు.

ఎవరూ ఉడతని బలవంతపెట్టలేదు. అదే ఆమెకి కష్టమైంది. ఎవరైనా తిడితే ఏడ్చి వెళ్ళిపోయేది. కలం తీసుకుంది. చివర ఇంకో వాక్యం రాసింది: ‘పారబొయ్యమని సారు చెప్పడం నేను విన్నాను.’ తర్వాత ఆ గీత మీద తన పేరు పెట్టింది. పక్కన చెల్లెలు వేలిముద్ర వేసింది. ఆ పక్కన గడ్డం అన్న. మూత చాలక, ఇంకా పెద్ద గీత గీయాల్సొచ్చింది.

సీసాలక్క చావు మీద రిజిస్ట్రారు పెట్టిన విచారణ రోజు వాళ్ళు ఒక్కొక్కళ్ళుగా వెళ్ళలేదు. వరండా నిండిపోయింది, మెట్ల మీద జనం, మెట్ల కింద జనం. రిజిస్ట్రారు కాగితాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. మొదట పెట్టిందెవరని అడిగాడు. సారు ఆయన చెవిలో ఏదో అన్నాడు. రిజిస్ట్రారు ఉడతని చూసి నవ్వాడు.

“ఉడత ఊపులకి చింతకాయలు రాలతాయా అమ్మాయ్? ఆ ఒక్క వాక్యం కొట్టెయ్. నీ చదువు నీకుంటుంది.”

పారిపోదామంటే వెనక ఖాళీ లేదు, అంతా మనుషులే. ఎవరి ఊపిరో మెడకి తగులుతోంది.

“విన్నాను కదండీ,” అంది. “విన్నది ఎలా కొట్టెయ్యను?”

అంతే అనగలిగింది. వెనకనుంచి ఆ మాట మెట్ల మీదికి, మెట్ల కిందికి పాకింది. కొట్టెయ్యం, కొట్టెయ్యం అని వరండా అంతా హోరెత్తింది.

గంటలో పోలీసులొచ్చారు. ల్యాబు సామాను పగలగొట్టారనీ, పనివాళ్ళని రెచ్చగొట్టారనీ కేసు. ఉడతనీ, చెల్లెల్నీ, గడ్డం అన్ననీ వ్యాను ఎక్కించారు. ఆరోజు ఒక్క ల్యాబూ తెరుచుకోలేదు. ఒక్క గదీ ఊడవలేదు. జనం నడిచి స్టేషనుకి వచ్చి రోడ్డు మీద కూర్చున్నారు.

లోపల బెంచీ మీద ఉడతకి పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. భయంగా ఉందా అని చెల్లెలు అడిగింది. చాలా, అంది ఉడత. నాకూ అంతే, అని చెల్లెలు ఆమె చెయ్యి తీసి తన ఒళ్ళో పెట్టుకుంది.

సాయంత్రం హాస్టల్ వంటింట్లో బాయిలర్ చూసే ఆయన, స్టేషను గుమాస్తాని బతిమాలుకుని మంచినీళ్ళ క్యాను పట్టుకుని లోపలికొచ్చాడు. నీళ్ళిచ్చి వెళ్ళకుండా నిలబడ్డాడు. చొక్కా చెయ్యి పైకి మడిచాడు. మోచేతి నుంచి భుజం దాకా చర్మం కాలి ముడతలు పడి ఉంది.

“ఆవిరి కారే మా బాయిలర్ సంగతి కూడా రాయాలమ్మా,” అన్నాడు గొంతు తగ్గించి. “మేం పదకొండు మందిమి ఉన్నాం. అందరూ సంతకాలు పెడతామన్నారు.”

బూట్ల చప్పుడు దగ్గరికొస్తోంది. ఉడత ఉలిక్కిపడింది. గోడకి ఆనుకుని సర్దుకుంది.

“మొదట ఎప్పుడు కారింది?” అని అడిగింది. “తారీఖు గుర్తుందా? మెల్లగా చెప్పు బాబాయ్, ఒక్కటీ వదలకుండా.”