మగఖైదీల వరసలో

జైలు గేటు లోపల ములాఖత్ కిటికీలు రెండు. కుడివైపుది మగఖైదీలను చూడవచ్చిన వాళ్ళకి. అక్కడ వరస ఎప్పుడూ గోడ మలుపు దాకా పాకి ఉంటుంది. ఎడమవైపుది ఆడఖైదీల కోసం. అక్కడ ఒంటరిగా నిలబడితే లోపల ఉన్నది కూతురని ఇంతమందికీ ఇట్టే తెలిసిపోతుంది. అందుకే ఆ తల్లి వచ్చినప్పుడల్లా మగవాళ్ళ వరసలోనే నిలబడేది. జనం పలచబడ్డాక తల వంచుకొని ఎడమవైపుకి జారుకునేది.

కూతుర్ని రేపు ఎక్కడో దూరపు జైలుకి మారుస్తున్నారని కబురొచ్చింది. ఇక్కడ చూసుకోవడానికి ఇదే ఆఖరు. కబురు విన్నప్పటినుంచీ ఆవిడ మనసు మనసులో లేదు. కొత్తచోట కొడతారేమో, జ్వరమొస్తే పట్టించుకునే దిక్కుండదేమో, అసలు వ్యాను దారిలోనే బోల్తా పడుతుందేమో! అయినా కాళ్ళు తీసుకెళ్ళి పాత వరసలోనే నిలబెట్టాయి.

"వదినా, మీవాడికి బట్టలు తెచ్చారా?" అంది ముందున్న లావుపాటావిడ. కూరగాయల కొట్టు ఆవిడది. నోరు పెద్దది, మనసూ పెద్దదే. వరసలో ఎవరెక్కడ నిలబడాలో చెప్పేది తనే, అందుకే అందరూ మేనేజరమ్మ అంటారు.

"తెచ్చానమ్మా."

"మావాడికి చొక్కా ఇస్తే మర్నాటికి పక్కవాడి ఒంటిమీద ఉంటుంది. బయట ఒకడి చెయ్యి విరగ్గొట్టాడా, లోపల మాత్రం దానకర్ణుడు! ఇంతకీ మీవాడేం చేశాడో ఎప్పుడూ చెప్పరు."

లాండ్రీలో తోటి పనివాడితో మాటా మాటా పెరిగి, కూతురు చేతిలో ఉన్న ఇస్త్రీపెట్టె అతని మొహాన విసిరింది. అతనికి ఒక కన్ను పోయింది. తల్లి జరిగింది జరిగినట్టే చెప్పింది, కూతురి చోట కొడుకుని పెట్టి.

"ఇస్త్రీపెట్టెతోనా! మగాడు అది ఎత్తడమే గొప్ప. మా ఇంట్లో ఒక్కడూ ముట్టడు!" మేనేజరమ్మ పకపకా నవ్వి, మళ్ళీ తనే ఆవిడ భుజం తట్టింది. "దిగులుపడకండి వదినా. మగపిల్లాడు, ఉడుకు రక్తం. రాగానే పెళ్ళి చేసేయండి, చల్లారిపోతాడు."

"చెయ్యి జారడానికి ఎంతసేపమ్మా," అన్నాడు వెనకున్న ముసలాయన.

ఆ ఓదార్పు ఆవిడ ప్రాణానికి హాయిగా తగిలింది. హాయిగా ఉన్నందుకు సిగ్గేసింది కూడా.

మేనేజరమ్మ ఎడమవైపు చూసి మూతి తిప్పింది. "అటు ఈగ కూడా వాలదు. ఏ మొహం పెట్టుకొని వస్తారు? ఆడదై ఉండి జైలుకెళ్ళిందంటే ముందు కన్నదాన్ననాలి."

"అవును, కన్నదాన్ననాలి," అంది ఆవిడ. తన గొంతు తనకే పరాయిగా వినిపించింది.

అంతలో ఎడమవైపు కిటికీలోంచి వార్డరమ్మ కేకేసింది. "ఇవాళ తొందరగా మూసేస్తున్నాం. ఎవరైనా ఉంటే రండి!"

తల్లి తన చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయింది.

"ఎవరూ లేరా? సరే." కిటికీ తలుపు కిర్రుమంది.

ఆవిడ వరసలోంచి బయటపడింది.

"అటెక్కడికి వదినా? మనది ఇటు!" అంటూ మేనేజరమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"నాకు కొడుకు లేడమ్మా. కూతురే."

మేనేజరమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. ముసలాయన గొంతు వీపు మీద పడింది. "కన్ను తీసింది ఆడదా? రాక్షసి!"

కిటికీ తలుపు పూర్తిగా మూసుకునేలోపే ఆవిడ చేరుకుంది. కిటికీ ఇనప జాలీ వెనక కూతురు అప్పటికే నిలబడి ఉంది. చిక్కిపోయింది.

"ఇంత ఆలస్యమా అమ్మా! ఇవాళ కూడా వరస పొడుగేనా?"

వారం వారం ఆవిడ చెప్పిన సాకే అది.

"ఇక్కడ వరస ఎక్కడిదమ్మాయ్? మీ అమ్మ నిలబడేది మగవాళ్ళ వైపు," అంది వార్డరమ్మ మామూలుగా, తాళాలు సర్దుకుంటూ.

కూతురు తల్లి మొహంలోకి చూసింది.

"వాళ్ళకేం చెప్పావు?"

"కొడుకన్నానమ్మా," అంది తల్లి.

"జాలిపడ్డారా?"

"పడ్డారు."

కూతురు కోప్పడుతుందేమో, ఏడుస్తుందేమో అని ఆవిడ బిక్కచచ్చిపోయింది. కూతురు అదేమీ చెయ్యలేదు. జాలీకి దగ్గరగా వచ్చి మెల్లగా అడిగింది.

"మరి ఆ కొడుకు కోసమైతే దూరం జైలుకి కూడా వెళ్ళేదానివా అమ్మా?"