కరువుకు పేరు పెట్టిన కథ

గోవిందమ్మ ఆవు నిలబడితే మనిషి నడుముకైనా రాదు. పుంగనూరు జాతి. మేతా దానికి తగ్గట్టే, నాలుగు గుప్పిళ్ళు. పంతొమ్మిది వందల ఎనభై మూడులో ఆ నాలుగు గుప్పిళ్ళకూ దిక్కులేక గోవిందమ్మ తన పూరింటి కప్పు పీకి మేపుతూ వచ్చింది. వంటింటి మీది గడ్డి అయిపోయింది. పడకటింటి మీదిది మిగిలింది.

ఊరిని కరువు జాబితాలో రాస్తే పుంగనూరులో పశువుల గడ్డి ఇస్తారు. రాయకపోతే లేదు. అది తేల్చడానికి మదనపల్లె నుంచి జీపులో ఆఫీసరు వస్తాడని తెలిసి గువ్వలోళ్ళపల్లె అంతా ఒక్కటైంది. కష్టం చెప్పుకోవడానికి కాదు, మర్యాద చేయడానికి. ఇంటికొచ్చిన మనిషికి వట్టి కుండ చూపించడం ఆ పల్లెలో చావుతో సమానం. ఒకరు విత్తనానికి దాచిన వేరుశనక్కాయలు వేయించారు. ఒకరు గుడ్లు పొదిగే పెట్టను కోశారు. గోవిందమ్మ పొదుగు పిండిపిండి అరగ్లాసు పాలు తీసి కాఫీ పెట్టింది. దూడకు చుక్క మిగల్లేదు.

ఆఫీసరు కాఫీ తాగి, "అసలు కరువంటే ఏమిటో తెలుసా మీకు?" అన్నాడు. ఆయన పుస్తకంలో దానికి అర్థం ఉంది. రూపాయికి ఆరణాల పంట కూడా, అంటే పదహారు పాళ్ళలో ఆరు పాళ్ళైనా, రాకపోతేనే కరువు.

ఊళ్ళో కోతలరాయుడు రెడ్డెప్ప, డెబ్బై ఏళ్ళ ముసలాయన, గొంతు సవరించుకున్నాడు.

"దాని పుట్టుక నాకు తెలుసు సామీ. మా ముత్తాత కాలాన ఆ మాటే లేదు. ఒక ఏడు వాన కుప్పం దాకా వచ్చి, ఈ పక్క దావ తెలీక ఆడే కూసుండిపోయింది. ఎనుములు మేత లేక మొగోళ్ళ మీసాలు మేసినాయి. మా వంశంలో ఎవురికీ మీసం లేదు, సూడు కావాలంటే."

ఆఫీసరు ముసిముసిగా నవ్వాడు.

"అంత బిడ్డ పుట్టినాక పేరు పెట్టాల గదా. పేరు పెట్టాలంటే పదిమందికి కూడు పెట్టాల. యాడుండాది కూడు? పేరు పెట్టకనే ఇడిసిపెట్టినారు. ఆనాక తమరి మాదిరే ఒకాయన గుర్రం మీద వచ్చి, కోడికూర తిని, కాగితం మీద కరువని రాసుకొని పోయినాడు. పేరు ఆయప్పది, బిడ్డ మాది."

జీపు డ్రైవరుతో సహా అందరూ విరగబడి నవ్వారు. గోవిందమ్మ నవ్వలేదు. 'మా ఇంటి కప్పు ఒకసారి సూడు సామీ' అందామని రెండుసార్లు నోరు తెరిచి, ఊరి పరువు గుర్తొచ్చి మూసుకుంది.

వారానికి జాబితా వచ్చింది. ఆఫీసరుకు మంచినీళ్ళైనా ఇవ్వని పక్కూరి పేరుంది. ఈ ఊరి గురించి 'పాడి ఉంది, కోళ్ళున్నాయి, జనం ఉల్లాసంగా ఉన్నారు' అని రాశాడట.

రెడ్డెప్ప వచ్చేసరికి గోవిందమ్మ నిచ్చెన మీదుంది.

"యాల వచ్చినావు పెద్దాయనా? ఇంకో కత చెప్పేదానికా?"

"లేదమ్మా. నిచ్చెన పట్టుకుంటా."

ఆమె చివరి మోపు కిందికి వేసింది. ఆవు మూతి చాపి అందుకుంది.

"ఎన్నాళ్ళొస్తాది ఇది?"

"ఎల్లుండి దాకా."

"ఆనాక?"

"ఆనాక మేపుదామంటే మీ ఇంట్లో మీసాలు గూడా లేవంటివే."